చక్రం ఆగినా... బ్యాటరీ ఖర్చే!

ఇంకా పూర్తిగా తెల్లారదు. తార్నాక వైపు నుంచి ఉస్మానియా యూనివర్సిటీలోకి సైకిళ్లు ఒక్కొక్కటిగా వస్తుంటాయి. ఓ పక్క నడిచేవాళ్లు, ఇంకో పక్క పరుగెత్తేవాళ్లు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్‌ కాలేజీ భవనం ముందు నుంచి జోరుగా తొక్కుతూ హ్యాండిల్‌ మీది బుల్లి తెర వైపు చూస్తే... వేగం సున్నా! ‘మొన్ననే కదా బ్యాటరీ మార్చింది’ అని నిట్టూర్పు. వైర్‌లెస్‌ సైకిల్‌ కంప్యూటర్‌ వాడేవారికి కొత్తేం కాదిది. మరి ఆ బ్యాటరీ ఏమైపోతోంది?

కిలోమీటరుకు 475 కబుర్లు

ముందు చక్రం స్పోక్‌కి చిన్న అయస్కాంతం ఉంటుంది. దాని ఎదురుగా ఫోర్క్‌ మీద సెన్సర్‌. చక్రం ఓ చుట్టు తిరిగి అయస్కాంతం ఎదురైనప్పుడల్లా సెన్సర్‌ ఆ సంగతి గుర్తిస్తుంది. వైరున్న మీటరులో ఆ కబురు తీగ వెంట వెళ్తుంది. వైర్‌లెస్‌లో అయితే రేడియో సంకేతంగా వెళ్లాలి. అందుకే సెన్సర్‌కో బ్యాటరీ, తెరకో బ్యాటరీ. సన్న టైరున్న సైకిల్‌ చక్రం ఒక చుట్టుకు వెళ్లేది సుమారు 2.1 మీటర్లు. అంటే కిలోమీటరుకు దాదాపు 475 చుట్లు. పాత తరహా మీటర్లలో చుట్టుకో సంకేతం. ఈ పనంతా చేసేది సీఆర్‌ 2032 లాంటి బిళ్ల బ్యాటరీ. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు... దాదాపు రూపాయి బిళ్లంత!

అసలు దొంగ ఇంట్లోనే

తొక్కినప్పుడు ఖర్చయితే సరే. చిత్రం ఏంటంటే, కొన్ని రకాల్లో సైకిల్‌ నిలబెట్టినప్పుడూ బ్యాటరీ కరిగిపోతుంది. చక్రం ఆగినచోట అయస్కాంతం సరిగ్గా సెన్సర్‌ ఎదుటే ఉంటే లోపలి స్విచ్‌ మూసుకునే ఉండిపోతుంది. రాత్రంతా కరెంటు పోతూనే ఉంటుంది. కారు వెనక సైకిల్‌ కట్టి తీసుకెళ్లేటప్పుడు చక్రం ఊగినా సెన్సర్‌ మేలుకుంటుంది. మందు చాలా తేలిక... సైకిల్‌ పెట్టేటప్పుడు చక్రాన్ని పావు చుట్టు తిప్పండి, అంతే!

మార్చేముందు...

* సున్నా కనిపించగానే బ్యాటరీని తిట్టొద్దు. అయస్కాంతం పక్కకు జరిగిందేమో, సెన్సర్‌ కిందికి జారిందేమో చూడండి.

* తెర మీద అంకెలు మసకబారితే తెర బ్యాటరీ, అంకెలు బాగున్నా వేగం రాకపోతే సెన్సర్‌ బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు.

* కొన్నింటిలో బ్యాటరీ తీయగానే పాత లెక్కలు చెరిగిపోతాయి. మొత్తం కిలోమీటర్లు, చక్రం కొలత కాగితం మీద రాసి పెట్టుకోండి.

* మూత దగ్గరి రబ్బరు రింగు సరిగ్గా కూర్చోవాలి. లేదంటే వాన నీరు, చెమట చేరి తుప్పు పడుతుంది.

* జీపీఎస్‌ కంప్యూటరైతే ఛార్జింగ్‌ పెట్టుకోవచ్చు. తెర వెలుతురు తగ్గిస్తే ఎక్కువసేపు వస్తుంది.

బిళ్ల... బిడ్డల కంటపడితే!

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది. తీసేసిన బిళ్లను టీవీ మీదో, కిటికీలోనో పడేస్తాం. పసివాళ్లు దాన్ని మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలిన గాయాలు కావచ్చు. మీటరు నడపలేని బ్యాటరీలోనూ ఆ ప్రమాదానికి సరిపడా కరెంటు మిగిలే ఉంటుంది. మింగారని అనుమానం వచ్చినా చాలు... వాంతి చేయించే ప్రయత్నాలు మాని, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. పాత బిళ్లకు రెండువైపులా టేపు చుట్టి, పిల్లలకు అందని చోట పెట్టి, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి.

రేపు పొద్దున మీ మీటరు సున్నా చూపిస్తే బెంగపడకండి. తొక్కిన దూరం తెరకు తెలియకపోయినా, ఒంటికి తెలుస్తుందిగా!