చెత్తకు లెక్క చెప్పు ఊరు

వీధులు ఊడ్పించుట, త్రాగునీరు సరఫరా చేయుట, వీధి దీపములు వెలిగించుట పంచాయతీ బాధ్యతలలో ముఖ్యమైనవి. ఐతే ఊడ్చిన చెత్త చివరకు ఎచ్చటికి చేరుచున్నదని ప్రశ్నించినచో, పెక్కు గ్రామములలో ఊరి పొలిమేరలోని మంటను చూపవలసి యుండును. పూర్వము ఇంటి చెత్తయనగా పేడ, ఊక, బూడిద, ఎండుటాకులు. అది పెంటకుప్పలో మాగి, తొలకరికి పొలమునకు ఎరువై పోయెడిది. నేడు అదే కుప్పలో పాల ప్యాకెట్లు, ప్లాస్టిక్ సంచులు, మందుసీసాలు, బ్యాటరీలు, శిశువుల డైపర్లు చేరినవి. పేరు పాతదే యైనను వస్తువు మారినది. కనుక పద్ధతియు మారవలెను.

ఈ విషయమున మన పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన ఊరు జపాను దేశములో ఒకటి కలదు. దాని పేరు కమికాట్సు. షికోకు ద్వీపమున, తొకుషిమ ప్రాంతములో, కొండలనడుమ నున్న ఈ చిన్న పట్టణపు జనాభా 1,500 లోపే. అందు సగము మందికి పైగా 65 ఏండ్లు దాటిన వృద్ధులు. జనము ఒక్కచోట గాక, కొండవాలులపై ఏబదికి పైగా పల్లెలలో చెదరి నివసించుచున్నారు. ధనబలము, జనబలము అధికముగా లేని ఈ ఊరు తన చెత్తలో సుమారు నూటికి 80 వంతులు తిరిగి వినియోగములోనికి తెచ్చుచున్నది. జపాను దేశమంతటి సగటు నూటికి 20 వంతులకు దగ్గరగా నున్నది.

మంట ఆరిన విధము

1990 దశకము వరకు కమికాట్సు ప్రజలు కూడ తమ చెత్తను బయలులో తగులబెట్టుచుండిరి. తరువాత 1998లో చిన్న దహన యంత్రములు రెండు నెలకొల్పిరి. ఐతే ప్లాస్టిక్కుతో కూడిన చెత్తను, ముఖ్యముగా క్లోరిన్ గల పి.వి.సి. వంటి వస్తువులను, తగినంత వేడి లేని మంటలో కాల్చినపుడు డయాక్సిన్ అను విషము పుట్టును. అది గాలితో వ్యాపించి, నేలలోను పశువుల మేతలోను చేరి, పాలు, మాంసముల ద్వారా మనుష్యుల శరీరములోనికి వచ్చును. క్యాన్సరు కలిగించు పదార్థములలో అదియు నొకటి. జపాను ప్రభుత్వము 1999లో డయాక్సిన్ నివారణకు కఠినమైన చట్టము చేయగా, ఆ చిన్న యంత్రములు పనికిరాకపోయినవి. స్వల్పకాలములోనే వానిని మూసివేయవలసి వచ్చినది. క్రొత్త యంత్రము కొనుటకు ఊరికి శక్తి లేదు. చెత్తను దూరప్రాంతమునకు పంపి కాల్పించుటకు ఖర్చు మెండు.

కనుక కాల్చవలసిన చెత్తనే తగ్గించవలెనని వారు నిశ్చయించిరి. పట్టణ కార్యాలయ సిబ్బంది పల్లె పల్లెకు పోయి సభలు జరిపిరి. తొలుత ప్రజలు సంతోషముగా అంగీకరింపలేదు. అంత పని ఇంటివారిపై మోపుట న్యాయమా యని పలువురు అడిగిరి. సిబ్బంది ఓపికతో సమాధానములు చెప్పి, వేరు చేయు విధమును చేసి చూపిరి. 2003లో ఆ పట్టణము జపానులో ప్రప్రథమముగా "చెత్త లేని ఊరు" కావలెనని ప్రకటించినది.

వేరు చేయుటలోని క్రమము

కమికాట్సులో చెత్త బండి వీధులలో తిరుగదు. వంటింటి తడి చెత్తను ఎవరి ఇంట వారే ఎరువుగా మార్చుకొందురు. అందుకు కావలసిన పరికరములు కొనుటకు పట్టణము సహాయ ధనమిచ్చినది. తక్కిన వస్తువులను కడిగి, ఆరబెట్టి, పట్టణ కేంద్రమునకు స్వయముగా తెచ్చి, నలుబదికి పైగా విధములుగా వేరు చేయుదురు. గాజుసీసాలను రంగును బట్టి, లోహపు డబ్బాలను లోహమును బట్టి, కాగితమును రకమును బట్టి వేరు పెట్టెలలో ఉంచుదురు. వాహనము నడుపలేని వృద్ధుల ఇండ్ల నుండి పట్టణమే సేకరించుచున్నది.

మనము ముఖ్యముగా గమనింపవలసినది అచ్చటి పలకలు. ప్రతి పెట్టె వద్ద ఆ వస్తువు ఎచ్చటికి పోవునో, దేనిగా మారునో, దాని వలన ఊరికి వచ్చు రాబడి యెంతో, లేక కాగల ఖర్చెంతో వ్రాసి యుండును. చేతిలోని డబ్బా ఊరికి కాసులు తెచ్చునో, తన పన్నులోనుండి కాసులు తీసికొనిపోవునో ప్రతి ఇల్లాలికి తెలియును. లెక్క కంటికి కనబడినపుడు శ్రద్ధ దానంతట అదే వచ్చును.

ఆ కేంద్రమునకు ప్రక్కనే "కురుకురు" అను అంగడి కలదు. ఈ మాటకు మన "గిరగిర" వలె చుట్టి తిరుగుటయని అర్థము. తమకు అక్కరలేని గిన్నెలు, బట్టలు, బొమ్మలు ఊరివారు అచ్చట ఉంచుదురు. కావలసినవారు వెల లేకుండ తీసికొనిపోవుదురు. ఎంత బరువు చేతులు మారినదో తూచి వ్రాసికొందురు. పాత కిమోనో బట్టలతో, పండుగ పతాకములతో ఊరి స్త్రీలు సంచులు, దుస్తులు కుట్టి అమ్ముచున్నారు. ఇట్లు చెత్త తెచ్చుచోటు పదిమంది కలిసికొను చోటు కూడ అయినది. 2020లో నిర్మించిన క్రొత్త కేంద్రమునకు ఊరివారు ఇచ్చిన పాత కిటికీలనే అమర్చిరి.

2020 నాటికి కాల్చుటను, పూడ్చుటను పూర్తిగా మానవలెనన్న లక్ష్యము మాత్రము నెరవేరలేదు. డైపర్లు, రబ్బరు, తోలు, పలు పదార్థములు కలిపి చేసిన చెప్పులు వంటివి ఇంకను మిగులుచున్నవి. ఇంటివారు ఎంత శ్రమపడినను, తయారుచేయువారు మారనిదే ఈ మిగిలిన భాగము పోదు. ఈ సంగతిని ఆ ఊరు దాచక చెప్పి, 2030 దృష్టిలో నుంచుకొని మరల ప్రతిజ్ఞ చేసినది.

మన పంచాయతీలు చేయదగినవి

అన్ని విధములు మనకు వెంటనే అవసరము లేదు. మూడింటితో ఆరంభింపవచ్చును: తడి చెత్త, పొడి చెత్త, హానికరమైన చెత్త. మన పెక్కు పంచాయతీలలో చెత్త సేకరించు బండ్లు, ఎరువు తయారుచేయు షెడ్లు ఇదివరకే ఏర్పడినవి. కాని కలిసి వచ్చిన చెత్తను ఏ షెడ్డును బాగుచేయలేదు. గాజు పెంకులు, సూదులు కలిసిన కుప్పలో చేయి పెట్టువాడు మన పారిశుధ్య కార్మికుడే. వేరు చేయుట ఇంటిలోనే జరిగినచో ఆతని చేతికి రక్షణ, వానపాముల ఎరువుకు నాణ్యము రెండును చేకూరును.

మొదట వార్డునకొక సభ జరిపి, స్త్రీల సందేహములు వినవలెను. పిదప నెలనెలా అమ్మిన పొడి చెత్త బరువు, వచ్చిన సొమ్ము, అయిన ఖర్చు పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను. మూడవది, జాతరలు, వివాహములు, అన్నసంతర్పణలు జరుగునపుడు వాడి పారవేయు పళ్ళెములకు మారుగా మహిళా సంఘముల వద్ద స్టీలు పళ్ళెములు, గ్లాసులు అద్దెకు దొరకునట్లు చూడవలెను. సిద్దిపేటలో ఇట్టి స్టీలు బ్యాంకులు నడచినవి. నాల్గవది, యువజన సంఘమునకో, గ్రంథాలయమునకో ఒక గది చూపి, పాత పుస్తకములు, బట్టలు, సామానులు మార్చుకొను ఏర్పాటు చేయవలెను. వీనిలో దేనికిని పెద్ద పెట్టుబడి అక్కరలేదు.

వచ్చు గ్రామసభ కార్యక్రమములో "మన చెత్త ఎచ్చటికి పోవుచున్నది?" అను అంశమును చేర్చుడు. సమాధానము తెలిసిన సభ్యుడు లేచి చెప్పవలెను. తెలియనిచో, అందరును కలిసి పొలిమేరకు పోయి చూచి రావలెను. ఆ పొగను పీల్చువారు మన బిడ్డలే. దానిని ఆర్పు అధికారము గ్రామసభ చేతిలోనే యున్నది.