మీకు తెలుసా? స్నానాలగది లైటుకూ ఓ రేటింగ్ ఉంది

బల్బు ఫిట్టింగ్ డబ్బా మీద ‘ఐపీ44’, ‘ఐపీ65’ లాంటి గుర్తు కనిపిస్తుంది. అందులో మొదటి అంకె దుమ్ము లాంటివి లోపలికి పోకుండా ఉండే రక్షణను చెబుతుంది. స్నానాలగదికి ముఖ్యమైనది రెండోది, నీటి సంగతి. 4 అంటే ఎటునుంచి చిలికిన నీళ్లనైనా తట్టుకుంటుంది, 5 అంటే పైపుతో ధారగా కొట్టినా ఆగుతుంది, 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా లోపలికి తడి చేరదు.

అంతర్జాతీయ వైరింగ్ ప్రమాణాలు స్నానాలగదిని జోన్లుగా విడదీస్తాయి. స్నానపు తొట్టి లోపలి భాగం అన్నిటికన్నా ప్రమాదకరం. అక్కడ పెట్టేవి ఏసీ లైట్లయితే 12 వోల్టులు దాటకూడదు, వాటి ట్రాన్స్‌ఫార్మర్ ఈ జోన్ల బయటే పెట్టాలి. తొట్టికి పైన, నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు వరకూ, చుట్టూ మరో 60 సెంటీమీటర్ల వరకూ రెండో అంకె కనీసం 4 ఉన్న ఫిట్టింగే కావాలి.

తడి ఒంటికి కరెంటును అడ్డుకునే శక్తి బాగా తగ్గిపోతుంది. మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు! అందుకే ఎర్తింగ్‌తో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టి కరెంటు ఆపే స్విచ్) తప్పకుండా పెట్టించండి. మామూలు ఎంసీబీ ఓవర్‌లోడ్‌నూ షార్ట్ సర్క్యూట్‌నూ ఆపుతుంది గానీ, మనిషి ఒంట్లోంచి పోయే కొద్దిపాటి లీకేజీని పసిగట్టలేదు.