సైకిలు దారిలో పాము ఎదురైనచో

తిరువూరు ప్రాంతమున చీకటివేళ సైకిలుపై చేనికి, మామిడితోటకు పోవు రైతులు జాగ్రత్త వహింపవలెను. వానలకు బొరియలు నిండగా పాములు గట్లమీదికిని, బాటమీదికిని వచ్చును.

త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి మిక్కిలి ప్రమాదకరములు. జెర్రిపోతునకు విషము లేదు; అది ఎలుకలను తిని పంటను కాచును. చీకటిలో పోల్చుట కష్టము గనుక అన్నిటికిని దూరముగా నుండుడు.

డైనమో దీపము సైకిలు ఆపగానే ఆరిపోవును. కావున చేతిటార్చి వెంట నుండవలెను. పాము కనబడినచో దూరముననే ఆగి, సైకిలును అడ్డముంచుకొని మెల్లగా వెనుకకు జరుగుడు. దానిని తొక్కించుటగాని, కొట్టుటగాని కూడదు.

2000–2019 నడుమ మన దేశమున సుమారు 12 లక్షలమంది పాముకాటున మరణించిరని అంచనా. కాటుపడినవాడు సైకిలు త్రొక్కరాదు. కండరములు కదలినకొలది విషము త్వరగా వ్యాపించును. త్రాడు బిగించుట, గాటు పెట్టుట, మంత్రములతో కాలము గడపుట హానికరము. కట్లపాము కాటు నొప్పి లేకయే ప్రాణము తీయగలదు. కాటుపడిన కాలికి బద్దకట్టి, మోటారుసైకిలుపై ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి వెంటనే ప్రభుత్వాసుపత్రికి చేర్చవలెను. విరుగుడు అచటి సూదిమందే.

ఈ సంగతి ఇంటివారికిని, కూలీలకును నేడే చెప్పియుంచుడు.