మొదట మన చేతిపనినే పరీక్షింపవలెను

తన వస్తువును తానే బాగుచేసికొనుట మన దేశమునకు క్రొత్త విద్య కాదు. బండి యిరుసునకు కందెన తానే వేసికొనెడి రైతును, పొలమునందలి పంపు ఇంజనును తానే విప్పి బిగించెడి కాపును మన మెఱుగుదుము. నేడు పట్టణములందలి మోటారుకార్ల యజమానులును ఆయిలు, గాలి ఫిల్టరు, స్పార్కు ప్లగ్గులు, బ్యాటరీ తామే మార్చుకొనుచున్నారు. ఇది మేము హర్షించు విషయమే. కాని ఆదివారమునాడు బాగుచేసిన కారు సోమవారమునాడు వణకుటయు, ఆగిపోవుటయు, పొగ చిమ్ముటయు కలదు. అప్పుడేమి చేయవలెనో తెలిసినప్పుడే యీ స్వావలంబనము సార్థకమగును.

హైదరాబాదునందలి ఎర్రమంజిల్‌నే చూడుడు. నవాబు ఫక్రుల్ ముల్క్ గుట్టపై కట్టించిన ఇరం మంజిల్ అను సౌధమువలన ఈ ప్రాంతమున కా పేరు వచ్చినది. ఖైరతాబాదునుండి పంజగుట్టకు పోవు రాజమార్గ మిచ్చట నున్నది. 2018 సెప్టెంబరునుండి దానిపై మెట్రో రైలు నడచుచున్నది. క్రింద బస్సులు, ఆటోలు, కార్లు ఎడతెగక సాగుచుండును. అట్టి త్రోవలో ఒక్క కారు ఆగిపోయినచో దాని యజమానికే కాదు, వెనుకనున్న వందలమందికిని బాధ. అందుచేత ఇంటిముందరి మరమ్మతు కేవలము ఇంటి వ్యవహారము కాదు.

కాలువ చివరి పొలమునకు నీరు రానప్పుడు తెలిసిన రైతు చెరువుకట్టను త్రవ్వడు. నిన్న తాను ఎత్తి దించిన తూమును ముందు చూచును. ఇంజను విషయమునను ఇదే న్యాయము. నిన్నటివఱకు బాగుగ నడచిన ఇంజను నేడు చెడినచో, నడుమ తాకబడిన భాగమే ప్రథమ ముద్దాయి. దానిని విడిచి పెట్రోలు మంచిది కాదనియు, కారు పాతదనియు తలంచుట చంకలో బిడ్డను పెట్టుకొని ఊరెల్ల వెదకుటయే.

ఆయిలు మార్చిన పిమ్మట ఇంజనును నడిపినచో ఎఱ్ఱని ఆయిలు దీపము కొలది క్షణములలో ఆరవలెను. ఆరనిచో తత్క్షణమే ఇంజనును ఆపవలెను. ఆయిలు అందని ఇంజనులోని బేరింగులు నిమిషములలో పాడగును. పాత ఫిల్టరు తీసినప్పుడు దాని రబ్బరు వలయము ఇంజనుకే అంటుకొని మిగులుట కలదు. దానిని గమనింపక క్రొత్త ఫిల్టరు బిగించినచో ఆ రెండు వలయములసందున ఆయిలు వెలికి చిమ్మును. అడుగున నుండు బిరడా సరిగా బిగియకున్నను కారును. ఇక ఎక్కువ పోయుటయు దోషమే. ఆయిలు చిలుకబడి నురుగెత్తును, నీలిపొగయు రావచ్చును. సమతలమున కారు నిలిపి, ఇంజనాపిన కొన్ని నిమిషములకు కొలతకడ్డీని తుడిచి, మరల ముంచి చూడవలెను. ఆయిలు రెండు గుర్తుల నడుమ నుండవలెను.

గాలి ఫిల్టరు మార్చినంతట ఇంజను వేగము తనంత హెచ్చి తగ్గుచున్నచో, ఫిల్టరు పెట్టె మూత సరిగా పడలేదేమో, గొట్టము వదులైనదేమో, గాలిని కొలుచు సెన్సారు తీగ తగిలించుట మఱచితిమేమో చూడవలెను. కొలతకు అందని గాలి లోనికి పోయినచో పెట్రోలు పాలు చాలక యింజను తడబడును. ప్లగ్గులు మార్చినపిమ్మట ఇంజను కుదుపుచున్నచో కాయిలు తీగలన్నియు బిగువుగ కూర్చున్నవో లేదో చూడవలెను. పాత కార్లలో తీగలు తారుమారగుటయు కలదు. నాలుగు సిలిండర్ల కార్లలో పెక్కింటికి నిప్పురవ్వ 1, 3, 4, 2 వరుసనే అందవలెను.

బ్యాటరీ మార్చినచో కొన్ని కార్ల కంప్యూటరు తాను నేర్చిన లెక్కలను మఱచును. కొంతదూరము నడచిన పిమ్మట ఇంజను కుదుటబడును. టకటకమని చప్పుడై ఇంజను తిరుగకున్నచో ముందు బ్యాటరీ కొనల బిగింపు చూడవలెను. రేడియేటరు ద్రవము మార్చినచో లోపల గాలి చిక్కి వేడి పెరుగవచ్చును. వేడిగనున్న రేడియేటరు మూతను ఎంతమాత్రము తీయరాదు. అది చేతిని, ముఖమును కాల్చును. డీజిలు ఫిల్టరు మార్చి బండి కదలకున్నచో గొట్టములలోని గాలిని చేతిపంపుతో వెడలింపవలెను.

నేటి కార్లు తమ బాధను తామే చెప్పుకొనును. స్వల్పవెలకు దొరకు సంకేత పఠన యంత్రమును తగిలించిన పి 0300 అనగా సిలిండర్లలో మంట తప్పుచున్నదనియు, పి 0171 అనగా గాలి యధికమై యింధనము తక్కువైనదనియు తెలియును. ఇంజను దీపము మినుకుమినుకుమనుచున్నచో బండి నడుపుట మానవలెను. కాలని పెట్రోలు పొగగొట్టములోని శుద్ధియంత్రమును నాశనము చేయును. కాని సంకేతము వ్యాధి లక్షణమునే తెలుపును, కారణమును తెలుపదు. అది చూచి విడిభాగములను వరుసగా కొనువారికి డబ్బు పోవును, దోషము మిగులును.

కావున మేము చెప్పునది యింతే. విప్పుటకు ముందు ఫొటో తీసికొనుడు. చేసిన ప్రతి పనిని వరుసగ వ్రాసికొనుడు. దోషము కనబడినచో చివరి పనినుండి వెనుకకు నడువుడు; ఒకేసారి రెండింటిని మార్చకుడు. అప్పటికిని తెలియకున్నచో మెకానిక్కువద్దకు పోయి తాకిన భాగములన్నియు దాపరికము లేక చెప్పుడు. వైద్యునివద్ద దాచిన రోగమును, మెకానిక్కువద్ద దాచిన చేతిపనియు ఒక్కటే. రెండును ఖర్చును పెంచును. స్వావలంబన మనగా స్పానరు పట్టుట మాత్రమే కాదు. తాను బిగించిన మరను మరల తానే శంకించి చూచుటయు దానిలోని భాగమే.