చేప కంటిలో నీరు ఎలా ఊరుతుంది?

చేపకు కన్నీరు లేదు. కన్నీటి గ్రంథులే లేవు. అయినా దాని కంటి లోపల, నల్లగుడ్డు ముందు భాగంలో, తేటనీరు నిండి ఉంటుంది. అది చెరువు నుంచి లోపలికి వచ్చిన నీరు కాదు, చేప రక్తం నుంచి తయారైన నీరు. మన కంటిలోనూ అంతే.

కంటి ముందు పొరకు, లోపలి కటకానికి వెలుతురు సోకాలి కనుక వాటిలో రక్తనాళాలు ఉండవు. మరి వాటికి ఆహారం ఎవరు అందించాలి? ఈ నీరే అందిస్తుంది. కనుపాప చుట్టూ ఉండే రంగు పొర వెనుక పలుచని కణాల వరుస ఉంది. ఆ కణాలు రక్తంలోని సోడియం, క్లోరైడ్, బైకార్బొనేట్ వంటి లవణాలను కంటిలోకి తోడుతాయి. ఉప్పు ఉన్నచోటికి నీరు వెంట వస్తుంది. ఎర్రకణాలు రావు, మాంసకృత్తులు చాలా తక్కువగా వస్తాయి. అందుకే అది అంత తేటగా ఉంటుంది.

మన దేశపు వాగుల్లో పెరిగే చారల చిన్న చేప జీబ్రా ఫిష్‌ను శాస్త్రజ్ఞులు ఈ విషయంలో పరిశీలించారు. దాని కంటిలో నీరు ముఖ్యంగా పైభాగంలో ఊరి, కింది భాగంలోని సన్నని దారి గుండా బయటికి పోతుంది. మనిషి కంటిలో చుట్టూరా ఊరి, చుట్టూరా పోతుంది. నిమిషానికి ఊరేది రెండు మూడు మైక్రోలీటర్లే. ఒక చుక్క కావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది.

ఊరినంత నీరు బయటికి పోకపోతే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా అది 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. పెరిగిన ఒత్తిడి చూపు నరాన్ని మెల్లగా దెబ్బతీస్తుంది. అదే నీటికాసులు, గ్లకోమా. చాలామందికి నొప్పి ఉండదు. పక్క చూపు ముందు పోతుంది, తెలిసేసరికి ఆలస్యమవుతుంది. పోయిన చూపు తిరిగి రాదు.

దాతలకు మా మనవి ఇక్కడే. శుక్లాల ఆపరేషన్ ఒక్కసారి చేయిస్తే చూపు తిరిగి వస్తుంది, ఫలితం అందరికీ కనబడుతుంది. నీటికాసులకు వాడే చుక్కల మందు నీరు ఊరడాన్ని తగ్గిస్తుంది, లేదా బయటికి పోయే దారిని సులభం చేస్తుంది. దానితో చూపు పెరగదు, ఉన్నది నిలుస్తుంది. సాధారణంగా జీవితాంతం రోజూ వేయాలి. డబ్బు లేక మానేసిన పేదవాడికి ఆ నష్టం వెంటనే తెలియదు. కాబట్టి శిబిరానికి ఇచ్చినట్లే, నెలనెలా మందుకూ ఇవ్వండి. నలభై దాటిన మీ ఇంటి పెద్దల కంటి ఒత్తిడినీ, నరాన్నీ ఒకసారి పరీక్ష చేయించండి.