వార్తల్లో పదం: నర్స్ లైసెన్షర్ కాంపాక్ట్

అమెరికాలో నర్సింగు పట్టము పొంది, ఎన్‌క్లెక్స్ పరీక్షయందు ఉత్తీర్ణురాలైన యువతికి పొరుగు రాష్ట్రపు ఆసుపత్రిలో కొలువు కుదిరినను, అచటి నర్సింగు బోర్డు అనుమతి లేనిదే రోగి నాడి పట్టుటకు వీలులేదు. ఈ చిక్కును సడలించుటకై 2000లో అమలునకు వచ్చి, 2018లో నూతన రూపము దాల్చిన అంతర్రాష్ట్ర ఒడంబడికయే ఇది. ఇందు చేరిన 40కి పైగా రాష్ట్రములలోను, పాలిత ప్రాంతములలోను ఒక్క బహురాష్ట్ర లైసెన్సే చెల్లును. అయితే అది లభించునది చదివిన చోటునుబట్టి గాక, డ్రైవింగు లైసెన్సు, ఓటరు నమోదు, ఆదాయపు పన్ను పత్రములు సాక్ష్యమిచ్చు స్థిరనివాసమునుబట్టి. కావున టెక్సాసులో చదివిన కాలిఫోర్నియా వాసి, ఒడంబడికకు వెలుపలనున్న తన రాష్ట్రమును వీడి టెక్సాసు నివాసమును రుజువుపరచుకొననిదే ఈ సౌలభ్యమునకు నోచుకొనదు. కొత్త పట్టభద్రులు తరచు ఏమరునది, విచిత్రముగా, ఇచటనే! మరియొక సభ్యరాష్ట్రమునకు కాపురము మార్చినచో, 2024 నుండి, 60 దినములలో అచటి లైసెన్సునకు దరఖాస్తు చేయవలెను.