భుజము నొప్పి – కదలవలసిన దేహము

మాఘ, ఫాల్గుణ మాసములు వచ్చిన నూజెండ్ల పరిసరముల మిరప చేలలో కోతలు మొదలగును. ప్రొద్దుటినుండి నడుము వంచి కాయలు కోయుట, ఒడి నిండగానే గంపలో పోయుట, గంప తలకెత్తుకొని కల్లమునకు చేర్చుట కూలి స్త్రీల నిత్యకృత్యము. కొలదిదినములకే కొందరికి చేయి పైకి లేవదు. జడ వేసికొనుటయే కష్టమగును. చేయి లేవనినాడు కూలి లేదు. అప్పుడు భుజమునకు తైలము రాచి, చేతిని కదలనీయక ఉంచుట మన వాడుక. ఇంతమాత్రము చాలదని మేము చెప్పదలచితిమి.

భుజము ఒంటరిగా పనిచేయదు. చేతిని తలపైకెత్తునపుడు కలుగు సుమారు 180 డిగ్రీల కదలికలో 120 భుజపు కీలువి. తక్కిన 60 వీపుపై జారెడు రెక్క ఎముకవి. ఈ లెక్కను 1944లో ఇన్‌మన్, సాండర్స్, అబ్బట్ అను పరిశోధకులు ప్రకటించిరి. రెక్క ఎముకకు వీపు ఆధారము. వీపునకు నడుము, నడుమునకు కాళ్ళు ఆధారములు. టెన్నిస్ ఆటగాడు బంతిని విసరికొట్టు శక్తిలో సుమారు సగము కాళ్ళనుండి, నడుమునుండి వచ్చునని తరువాతివారు గణించిరి.

పాఠకులు స్వయముగా పరీక్షింపవచ్చును. కుర్చీలో వీపు వంచి కూర్చుండి చేయి ఎత్తుడు. పిదప నిటారుగా కూర్చుండి ఎత్తుడు. రెండవమారు చేయి మరింత పైకి పోవును. దినమెల్ల వంగి పనిచేయువారి భుజము ఏల అలయునో ఇందువలన తెలియును.

కావున వ్యాయామము పాదములనుండి ఆరంభింపవలెను. గోడకెదురుగా నిలిచి, ఒక అడుగు ముందుకు వేసి, అరచేతిని గోడకానించి, మోకాళ్ళు కొంచెము వంచుడు. కాళ్ళపై లేచుచు చేతిని గోడవెంట పైకి జార్చుడు. పూటకు పదిమార్లు చాలును. స్వల్పమైన నొప్పి కలిగి వెంటనే తగ్గిన భయపడనక్కరలేదు. రాత్రికి హెచ్చినచో మరునాడు తగ్గించి చేయవలెను. ఇది కుదిరిన పిమ్మట భుజపు కండరములకు బలమిచ్చు వ్యాయామములను క్రమముగా చేర్చవచ్చును.

పడినపిదప చేయి లేవకున్నను, జ్వరముగాని తిమ్మిరిగాని ఉన్నను వైద్యుని చూడవలెను. ఛాతీనొప్పి, ఆయాసములతో భుజము లాగినచో క్షణమైన ఆలసింపరాదు. మధుమేహము గలవారికి కీలు బిగిసిపోవుట తరచు గనుక వారు ముందే జాగ్రత్తపడవలెను.

చేలో ప్రతి సాలు చివర ఒకమారు నిటారుగా నిలిచి చేతులు పైకి చాపుడు. గంపను ఒక్కరే ఎత్తుకొనక, మోకాళ్ళు వంచి ఇద్దరు పట్టి ఎత్తుడు. దీనికి ఖర్చు లేదు.